ప్రశ్నపత్రంలో పచ్చబడ్డ ముఖం

మెట్ల మలుపు దగ్గరే ఆ చప్పుడు వినిపించింది. గర్... గర్... కాసేపు ఆగి, మళ్ళీ గర్. మాడిన పాలగిన్నె అడుగును ఎవరో పంతం పట్టి గీకుతున్నట్టుంది. స్నేహలత చేతిలోని ప్లాస్టిక్ ఫైలును గుండెకు ఆనించుకుని నిలబడింది. చిక్కడపల్లి గ్రంథాలయం వెనక సందులో, కింద జిరాక్సు దుకాణం, పైన ఈ ఒక్క వాటా. మధ్యాహ్నపు ఎండ ఒక్కో మెట్టూ తడుముకుంటూ కిందికి దిగుతోంది. ఆమె దానికి దారిచ్చి పైకెక్కింది.

తలుపు తీసే ఉంది. లోపల కిటికీ దగ్గర ఒక పెద్దావిడ వెడల్పాటి చాకుతో చెక్క పలక మీది రంగును గీకేస్తోంది. నిన్నటి బొమ్మ పెచ్చులు పెచ్చులుగా పాత పేపరు మీద రాలుతోంది. నేతచీర మీద మగవాళ్ళ పాత చొక్కా తొడుక్కుంది. చొక్కా చేతుల మీద ఎన్ని రంగులున్నాయో, ఆ ముఖంలో అంత విసుగుంది.

"ఓటర్ల లిస్టయితే ఒక్క పేరే రాసుకో. ఇంకా చావలేదని కూడా రాసుకో" అంది తల తిప్పకుండా.

"ఓటర్ల లిస్టు కాదు మేడం. మీరు విద్యావతి మేడమేనా? బొమ్మలేసే విద్యావతి మేడం?"

చాకు ఆగింది. "నేను బొమ్మలేస్తానని ఎవరు చెప్పారు నీకు?"

"లైబ్రరీల రాములన్న. పొద్దుగాల పేపర్ చదువనీకి వస్తరట గద మీరు."

"రాములు చెప్పాడంటే నిజమే అయ్యుంటుంది. ఏం కావాలి?"

స్నేహలత దారి పొడవునా కూర్చుకుంటూ వచ్చిన మాటలన్నీ గడప దగ్గరే జారిపోయాయి. ఒక్కటే మిగిలింది. "మేడం, మీరు ఎగ్జామ్ల వచ్చిన్రు."

అశోక్‌నగర్‌లో అది మామూలు మాట. అక్కడ నదులు పారవు, రాజులు యుద్ధాలు చేయరు, కవులు పాడరు. అందరూ పరీక్షలో వస్తారు, లేకపోతే రారు. ఇరుకు హాస్టల్ గదుల్లో, మంచానికీ మంచానికీ మధ్య మోకాలు పట్టని సందులో, లోకమంతా నాలుగేసి ముక్కలుగా తరిగి ఉంటుంది. ఆ ముక్కను బిట్టు అంటారు. బిట్టయిన మనిషి ఇంకా ఎక్కడో అన్నం తింటూ ఉంటాడని ఎవరికీ తోచదు. వీధి మొదట్లో కోచింగు సెంటర్ల ఫ్లెక్సీల మీద ర్యాంకులు తెచ్చుకున్నవాళ్ళ ముఖాలు వరసగా వేలాడుతుంటాయి. నల్లరేగడిలో పెరిగిన పిల్లలంతా ఆ ఫ్లెక్సీల్లో రోజాపూల రంగులో ఉంటారు. ఆ వీధిలో ఉద్యోగం రావడానికి ముందే మనిషి తెల్లబడాలి కాబోలు.

స్నేహలత ఆ వీధికొచ్చి నాలుగేళ్ళయింది. ఊరు జనగామ దగ్గర. ఈసారి రాసింది ఒక సర్కారు శాఖలో అసిస్టెంట్ పోస్టుల పరీక్ష. ప్రాథమిక కీ చూసుకుంటే, అందరూ అనుకుంటున్న కటాఫ్‌కు సరిగ్గా ఒక్క మార్కు తక్కువ. ఈ ఒక్కటీ రాకపోతే హాస్టలు ఖాళీ చేసి వచ్చేయమని తండ్రి దుర్గయ్య చెప్పేశాడు. జనగామలో బట్టల దుకాణంలో కౌంటరు పని మాట్లాడి పెట్టాడు కూడా. కీ మీద అభ్యంతరాలు పెట్టుకోవడానికి గడువు ఈ రోజు సాయంత్రం ఐదింటిదాకా ఉంది. ఆమె తప్పుల్లో అభ్యంతరం పెట్టడానికి వీలున్నది ఒక్క ప్రశ్నే. అది విద్యావతి మీద వచ్చిన ప్రశ్న.

విద్యావతి ప్రశ్నపత్రాన్ని కిటికీ వెలుతురుకు పట్టి పైకే చదివింది.

"'చిత్రకారిణి విద్యావతి తన స్వీయచిత్రములో ముఖమునకు ఆకుపచ్చ రంగు వాడుట దేనికి సంకేతము? ఒకటి, అసూయ. రెండు, ప్రకృతి ప్రేమ. మూడు, అనారోగ్యము. నాలుగు, పైవేవీ కావు.'" కళ్ళజోడు తీసి చొక్కా అంచుకు తుడుచుకుంది. "ఎవరే ఈ విద్యావతి?"

"మీరే మేడం. కీల రెండు ఇచ్చిన్రు. ప్రకృతి ప్రేమ."

"నాకా! కుండీలో తులసి మొక్క కూడా బతకదు నా చేతిలో. నువ్వేం పెట్టావు?"

"మూడు."

"అనారోగ్యం?"

"మొఖం పచ్చగున్నది గద మేడం..." స్నేహలత తలొంచుకుంది. "పచ్చకామెర్లు అనుకున్న."

"కామెర్లొస్తే మనిషి పసుపు అవుతాడే. ఆకుపచ్చ ఎందుకవుతాడు?"

"పచ్చ అంటే రెండూ గద మేడం."

విద్యావతి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "నిజమే. రెండు రంగుల్ని ఒకే మాటలో కుక్కేసి హాయిగా బతుకుతున్నవాళ్ళం. మనకి బొమ్మలెందుకు, నా మొహం" అని స్టూలు మీద కూలబడింది. "అది సరే. అసలు నేను ఆకుపచ్చ ఎప్పుడు వేశాను?"

స్నేహలత ఫైల్లోంచి గైడు తీసింది. సుధీంద్ర సార్ కళలూ సంస్కృతి నోట్సు అంటే అశోక్‌నగర్‌లో దిండు కింద పెట్టుకుని పడుకుంటారు. నూట పన్నెండో పేజీలో అగ్గిపెట్టెంత బొమ్మ ఉంది. పాచిపట్టిన గోడలాంటి ముఖం, సిరాలాంటి మెడ. కింద వివరణ: ఆకుపచ్చ ముఖము ప్రకృతి ప్రేమకు, నీలి కంఠము గరళమును మింగిన త్యాగమునకు సంకేతములు.

విద్యావతి ఆ పేజీని దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది, పక్కకి వంచి చూసింది. తన ముఖాన్ని తాను గుర్తుపట్టడానికి ఆమెకు అంతసేపు పట్టింది. పట్టాక ముందు నవ్వు రాలేదు, దగ్గొచ్చింది. దగ్గులోంచి నవ్వొచ్చింది.

"ఎర్రసిరా పడలేదే వీళ్ళకి!" అంది. "పుస్తకాల అట్టలకు బొమ్మలేస్తూ పదేళ్ళు ప్రెస్సుల చుట్టూ తిరిగినదాన్ని, నాకు తెలియదా? రంగుల అచ్చంటే నాలుగు సిరాలు. ఎరుపు అయిపోయిందనుకో, మిగిలిన నీలం మీద పసుపు పడి ఇదిగో, ఇలా పాచి పడుతుంది. నా బొమ్మ పోటీకి పంపినప్పుడు ఎగ్జిబిషన్ పుస్తకం నారాయణగూడలో వేయించారు. నా పేజీ వచ్చేసరికి వాడికి ఎర్రసిరా నిండుకుంది. ఆ పుస్తకంలోంచి మీ సార్ దింపుకున్నాడు. సిరా అయిపోతే ప్రకృతి ప్రేమా? ఇంకాస్త అయిపోయుంటే నేను సన్యాసం పుచ్చుకున్నానని రాసేవాడు!"

లేచి, బీరువా పక్కన గోడకు ముఖం పెట్టి నిలబడి ఉన్న ఒక చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఇటు తిప్పింది.

ముందు వేడి తగిలినట్టనిపించింది స్నేహలతకు. తర్వాత ముఖం కనబడింది. బట్టీలోంచి అప్పుడే తీసిన ఇటుక రంగు ముఖం. చెంప ఎముక మీద పసుపుకొమ్ము అరగదీసినట్టు ఒకే ఒక్క గీత. మెడ నేరేడుపండు. జుట్టుకు నలుపు వాడలేదు; ముదురు నీలం పూసి, కుంచె వెనకకొసతో పాయలు పాయలుగా గీరేసింది. కంటి తెల్లగుడ్డులో తెలుపు లేదు, మజ్జిగలో పసుపు కలిసినట్టుంది. ఎక్కడా ఒక రంగు ఇంకో రంగులోకి మెత్తగా జారుకోలేదు. ఒక్కో రంగు తన సరిహద్దు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ముప్పై నాలుగేళ్ళ ఆ ఆడమనిషి ఎవరి అనుమతీ అడగకుండా గదిలోకి వచ్చి, మధ్యాహ్నాన్ని పక్కకు నెట్టి నిలబడింది.

"గింత కోపమెందుకు మేడం?" అంది స్నేహలత.

"నువ్వూ మొదలెట్టావా? ఎరుపంటే కోపం, తెలుపంటే శాంతి. అదేమన్నా జెండానా? అది నా మొహం!"

కానీ కథ చెప్పింది. నిలబడే చెప్పింది, తిట్టుకుంటూ చెప్పింది. మూడేళ్ళప్పుడు నాన్న ఉద్యోగం వెంట బందరు నుంచి ఈ చిక్కడపల్లి వచ్చింది. డ్రాయింగు పరీక్షలు ప్యాసై, నారాయణగూడలో ఒక బడిలో డ్రాయింగు టీచరైంది. ఆ బడికి ఏటా రంగుల సీసాల పెట్టెలొచ్చేవి. పెట్టెలో ఒక సీసా మీద స్కిన్ కలర్ అని రాసుండేది. లోపల ఉన్నదేమో పిప్పరమెంటు బిళ్ళ గులాబీ.

"పదకొండేళ్ళు వెతికాను, ఆ రంగు మనిషి కోసం. చిక్కడపల్లిలో లేడు, దోమలగూడలో లేడు. సుల్తాన్ బజార్లో పండగ ముందు జనం అంతమంది తోసుకుంటారే, అందులోనూ లేడు. దుకాణాల్లో గాజుకళ్ళ బొమ్మలున్నాయి చూడు, చీరలు కట్టి నిలబెడతారు, వాటికి మాత్రం సరిపోయింది. పిల్లలేమో అమ్మకదే పూస్తారు, నాన్నకదే పూస్తారు, గాంధీగారికీ అదే. ఒకరోజు ఆ గులాబీ సీసాలన్నీ తెప్పించి మోరీలో ఒంపేశాను. మీ చేతులు బల్ల మీద పెట్టండర్రా, ఆ రంగు మీరే కలపండి అన్నాను. అబ్బ, ఏం కలిపారని! చింతపండు, బెల్లం, ఇటుక, కాఫీ పొడి. వంకాయ కూడా కలిపాడొకడు, నీడ కోసం. నేర్పకుండానే కలిపాడు."

"మంచిగనే ఉన్నది గద మేడం."

"మంచిగానా? తల్లిదండ్రులు వచ్చి గొడవ చేశారు. మా పిల్లని నల్లగా వేయించిందీ టీచరు అని. మా ఇంట్లో అందరం తెల్లటివాళ్ళమేనండీ అని ఒకాయన. ఆయన బొగ్గుల కొట్లో కూర్చున్నా కనబడడు! హెడ్‌మాస్టరు మెమో ఇచ్చాడు. బడి రంగులు పారబోసినందుకు సంజాయిషీ రాయమన్నాడు. ఆ కాగితం ముందు పెట్టుకుని, సంజాయిషీ బదులు ఇది వేశాను. పిల్లలు కలిపిన రంగులతోనే."

ఎనభై ఎనిమిదిలో దాన్ని ఒక పోటీకి పంపింది. ఆ యేడు మొదటి బహుమతి బిందె ఎత్తుకున్న పల్లెపడుచుకు. రెండోది బిందె దించిన పల్లెపడుచుకు. ఇద్దరూ గులాబీ రంగులోనే ఉన్నారు. ముఖ్య అతిథి ఈ బొమ్మ ముందు ఆగి, 'ఎవరో లెంపకాయ కొట్టినట్టున్నారమ్మా' అని తన మాటకు తనే నవ్వాడు. వెనకున్న ఇరవైమందీ నవ్వారు. అలాంటి నవ్వులకు అప్పట్లోనే రిహార్సలు అక్కర్లేదు. విద్యావతి బొమ్మను ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చి గోడకు తిప్పేసింది. ఆ తర్వాత రోజూ వేసింది, ఎక్కడికీ పంపలేదు. రిటైరయ్యేదాకా పిల్లలకు మామిడిపండూ, జెండా, దీపావళీ నేర్పింది. కొత్తగా వచ్చిన ప్రతి పెట్టెలోనూ ఆ గులాబీ సీసా మాత్రం మూత తీయకుండానే ఎండిపోయింది. ఆమె ఉద్యోగ జీవితంలో గెలుపనేది ఉంటే అదొక్కటే.

స్నేహలత ఫోను మోగింది. సురేశ్. పక్క హాస్టల్లో ఆరేళ్ళుగా ఉంటున్నాడు. పరీక్షలు రాయడం కంటే కీల మీద అభ్యంతరాలు రాయడంలో ఆరితేరాడు. అతని గొంతు గదంతా వినబడింది.

"ఏమైందక్క? సంతకం అయిందా?"

"ఇంకా లేదే."

"ఏంది ఇంకా లేదు! మూడైంది. లెటర్ రెడీ చేసిచ్చిన గద, ఒక్క సంతకం పెట్టిచ్చుకోని రా. ఆమె బొమ్మ, ఆమె సంతకం. బోర్డోడు కాదంటడా? మూడు కాదని ఎవ్వడంటడు?"

విద్యావతి చెయ్యి చాపింది. స్నేహలత ఫైల్లోంచి టైపు చేసిన కాగితం తీసి ఇవ్వక తప్పలేదు.

"'నేను తీవ్రమైన అనారోగ్యముతో బాధపడుచూ, ఆ బాధను సూచించుటకై ముఖమునకు ఆకుపచ్చ రంగు వేసితినని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.' వేసితిని!" అంది విద్యావతి. "తీవ్రమైన అనారోగ్యం ఇది రాసినవాడికి."

"తప్పయింది మేడం. నేను పోత." స్నేహలత కాగితం కోసం చెయ్యి చాపింది. "ఒక్క మార్కే మేడం. గందుకే వచ్చిన. ఈసారి రాకపోతే మా నాయన దుకాణంల పనికి పంపుతడు. నేను ఏం వద్దన్ననో, ఏం కావాలన్ననో, ఎవ్వరికీ తెల్వకుండనే అయిపోతది."

విద్యావతి ఆమె వైపు చూసింది. బొమ్మ వేసేవాళ్ళు చూసే చూపు అది. కళ్ళలోకి కాదు, నుదురు మీద, దవడ కింద, ముక్కు పక్కన నీడలోకి.

"పెన్నుందా?"

"ఎందుకు మేడం?"

"సంతకం పెడతాను. ఎందుకేంటి? నా మొహం గురించి ఎవడికి తోచిన అబద్ధం వాడు రాశాడు. ఇదీ ఒకటి. దీంతో నీకు ఒక మార్కు వస్తుంది. మిగతావాటితో ఎవరికీ ఏమీ రాలేదు. పెన్ను ఇలా తే."

పెన్ను స్నేహలత చేతిలోనే ఉంది. గోడ దగ్గర ఆ ఇటుక ముఖం ఆమెనే చూస్తోంది. ఆ రంగు ఆమెకు కొత్త కాదు. ఎండాకాలం పత్తికట్టెలు పీకి తలమీద మోపెత్తుకుని వచ్చే తల్లి ఎల్లవ్వ ముఖం వాకిట్లో సరిగ్గా అలాగే ఉండేది. మెడకింద అదే నేరేడు నీడ. ఆ ముఖం చూసి ఎవరూ జబ్బు చేసిందనలేదు. అనుంటే ఎల్లవ్వ మోపు దించి మరీ కొట్టేది.

"వద్దు మేడం" అంది.

"ఏంటి వద్దు?"

"రోగమని ఎట్ల రాస్త? మొఖం ఎర్రగున్నది. పచ్చ లేనే లేదు. ప్రశ్ననే తప్పు. గదే రాస్త. ప్రశ్న తీసేస్తే అందరికీ మార్కు కలుపుతరు. నాకూ వస్తది."

"కలపకపోతే?"

స్నేహలత పెన్ను మూత తీసింది.

"తెలివితక్కువదానా" అంది విద్యావతి. ఆ మాట ఇంత మెల్లగా ఆమె ఎవరినీ అని ఉండదు. "నేను సంతకం పెడతానంటుంటే పెట్టించుకోవడం కూడా రాదా నీకు? ఏం చదువుకున్నావే నాలుగేళ్ళు?"

స్నేహలత నేల మీద కూర్చుని రాసింది. విద్యావతి చెప్పింది, మధ్యలో రెండు చోట్ల గుణింతం సరిచేసింది. ముఖమున ఆకుపచ్చ లేదు, ముద్రణలో ఎరుపు లోపించినది అని రాసి, కింద ఈసారి నిజానికే విద్యావతి సంతకం పెట్టించుకుంది స్నేహలత. చట్రాన్ని కిటికీ దగ్గరికి జరిపి ఫోనుతో ఫొటో తీసింది. కింద జిరాక్సు దుకాణంలో కూర్చుని అన్నీ బోర్డు సైట్లో ఎక్కించబోతే, ఆధారం అన్న గడి ఒకటి అడ్డొచ్చింది. ప్రామాణిక గ్రంథము పేరు, పేజీ సంఖ్య. ఆ గడి నింపకపోతే ముందుకు కదలదు. ప్రామాణిక గ్రంథమంటే సుధీంద్ర సార్ గైడు. అందులో ముఖం పచ్చగానే ఉంది. బతికున్న మనిషి, గోడకున్న బొమ్మ, సంతకం ఇవేవీ ఆధారాలు కావు. పేజీ ఉండాలి. నాలుగూ యాభై రెండుకు స్నేహలత గ్రంథం దగ్గర 'చిత్రమే' అని, పేజీ దగ్గర 'ఒకటి' అని కొట్టి పంపేసింది.

మూడు వారాలకు తుది కీ వచ్చింది. విద్యావతి మీద వచ్చిన డెబ్బై మూడో ప్రశ్న తీసేయలేదు. జవాబు రెండు నుంచి నాలుగుకు మారింది. ఎందుకు మారిందో చెప్పలేదు. చెబితే బోర్డు గౌరవానికి భంగం. ప్రకృతి ప్రేమ పెట్టినవాళ్ళు ధర్నా చేస్తామన్నారు. సుధీంద్ర సార్ నోట్సు కొత్త ముద్రణలో ముఖం పచ్చగానే ఉండి, కింద 'పైవేవీ కావు' అని చేరింది. మూడు పెట్టిన స్నేహలతకు ఒక్క మార్కు తక్కువే ఉండిపోయింది.

"పెడ్తనన్నది గద ఆమె! నోటికాడి బుక్క పారేసుకున్నవ్" అన్నాడు సురేశ్. టీ కొట్టు దగ్గర నలుగురికీ చెప్పాడు, నలుగురూ తలలాడించారు. ఆ వీధిలో నిజం చెప్పి నష్టపోయినవాళ్ళను జాలిగా చూడరు, సిలబస్ తెలియనివాళ్ళను చూసినట్టు చూస్తారు.

ఊరికి వెళ్ళే రోజు పొద్దున, బ్యాగు జిరాక్సు దుకాణంలో పెట్టి స్నేహలత మెట్లెక్కింది. విద్యావతి కిటికీ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"వచ్చిందా?"

"రాలే మేడం. జవాబు నాలుగు అని మార్చిన్రు."

"నాలుగంటే?"

"పైవేవీ కావు."

విద్యావతి చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "ముప్పై ఏడేళ్ళు" అంది. "ముప్పై ఏడేళ్ళలో నా బొమ్మ గురించి ఒక్కడు కరెక్టుగా చెప్పాడు. వాడికీ తెలియకుండా చెప్పాడు." నవ్వబోయి, ఎదుట నిలబడ్డ పిల్ల ముఖం చూసి మానేసింది. "నీకేం మిగిలిందిప్పుడు?"

"బట్టల దుకాణం. సోమారం నుంచి రమ్మన్నరు. చీరల కౌంటర్."

విద్యావతి చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టింది. లేచొచ్చి, స్నేహలత గడ్డం పట్టుకుని ముఖాన్ని కిటికీ వైపు తిప్పి, ఒకసారి చూసి వదిలేసింది.

"పో. పోయి అమ్ము. కానీ కౌంటర్లో నిలబడి, వచ్చినావిడతో 'మీ రంగుకి ఇది నప్పదండీ' అన్నావని తెలిసిందో, బస్సెక్కి వచ్చి మరీ చెంప పగలగొడతాను."